ఉప్పుమంచు పడేచోట

ఏప్రిల్ చివరి వారం. నా నర్సరీ వెనక నీడలో
ఇంకా మోకాలెత్తు మంచు.
లోర్న్ హిల్డెబ్రాండ్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని
"ఒక్కటి చాలు ఒరీసియా,
గేటు పక్కకి. బండి ఉప్పుమంచు తోసి పోసే చోటికి" అన్నాడు.
అక్కడ ఆయన ఇప్పటికి మూడు లైలాక్‌లను పాతిపెట్టాడు.
నాటాడు అనడానికి నోరు రాదు.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు గానీ
సస్కాచెవాన్‌లో, మైనస్ నలభైలో
పెరటివి తప్ప ఏవీ తెల్లారి లేవవు.
ఆ మొండివాళ్ళనే వరసగా చూపించాను.

సస్కటూన్ మే నెలలో, ఆకు పూర్తిగా విప్పకముందే
ఒళ్ళంతా తెల్లగా పూస్తుంది. పది రోజులు.
అందులో ఒక్క రాత్రి గడ్డకట్టిందా, ఆ ఏడు పళ్ళు లేవు.
కట్టకపోతే, పిట్టలు మిగిల్చినవి మీవి.
"ఊఁ" అన్నాడు.

డాగ్‌వుడ్ పూవు గురించి అబద్ధమాడలేను,
పెళ్ళికి దూరపు చుట్టంలా వచ్చి పోతుంది.
జనవరిలో చూడాలి దాన్ని:
ఊరంతా సున్నం కొట్టినట్టున్నప్పుడు
కాలిన ఇనపచువ్వల్లా ఎర్రటి కాడలు.
కుందేళ్ళు మిగలనిస్తే.

పొటెంటిల్లా బుద్ధిమంతురాలు.
జూన్ నుంచి తొలి మంచు దాకా
రోజుకిన్నని పసుపు రూకలు లెక్కపెట్టి ఇస్తుంది.
ఉప్పంటే లెక్కలేదు. బ్యాంకుల ముందు నాటేది అందుకే.
"వాసన?" అన్నాడు.
లేదన్నాను.

అడవి గులాబీ దగ్గర వంగాడు. మొగ్గయినా లేదింకా.
బొటనవేలితో ముళ్ళు తడిమి
మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
"మ్యూరియెల్ ఇప్పుడు అన్నీ చేత్తోనే చూస్తోంది."

ఇంతసేపూ నేను
రంగులు అమ్ముతున్నాను.

షెడ్డు వెనక, ధర చీటీ కట్టని మూలకి తీసుకెళ్ళాను.
వుల్ఫ్ విల్లో. రైతులు తిట్టి పీకే జాతి.
అడగని చోటల్లా పిలకలేస్తుంది.
విభూతి పూసుకున్నట్టు ఆకులు,
వాటి చాటున బియ్యపు గింజంత పూవు.
చూద్దామంటే కనబడదు.
కానీ జూన్ సాయంత్రం గాలి తిరిగిందంటే
నది ఒడ్డు నుంచి రెండు పొలాలు దాటి
వాసన నడిచొస్తుంది, కాచిన తేనెలా,
కొందరికి తలనొప్పి తెచ్చేంత.

"ఎన్నాళ్ళు?"
రెండు వారాలు. చల్లగా ఉంటే మూడు.
"వంటింటి కిటికీ దాకా వస్తుందా?"
కిటికీ మూసినా వస్తుంది.

పిచ్చిమొక్కకి డబ్బేమిటి, వద్దన్నాను.
ఐదు డాలర్ల నోటు బల్ల మీద పెట్టి
ఎగరకుండా ఖాళీ కుండీ బోర్లించి వెళ్ళాడు.
ఏటా పిలకలు తవ్వకపోతే ఇంట్లోకొస్తుంది లోర్న్,
అని ట్రక్కు వెనకాలే అరిచాను.
చెయ్యి ఊపాడు.
విన్నాడో, రానిమ్మన్నాడో.