ఆధారం కావాలి

సొహార్ రేవులో కంటైనర్లు లెక్క రాసి
అర్ధరాత్రి పై మంచమెక్కి
మోటుపల్లి వ్యాసం తెరుస్తాను.

ఓడ పగిలి ఒడ్డున పడ్డవాళ్ళ సరుకు
ఇక జప్తు చెయ్యం, సుంకం చాలు
అన్న శాసనం కింద
"దయగల ఏలుబడి" అని చేర్చాను మొన్న.
దమ్మాంలో నైట్‌డ్యూటీ నర్సు మేరీరత్నం
కొట్టేసింది:
ఎవరన్నారు? ఆధారం?

వారం రోజులు కాట్లాడుకున్నాం.
ఆమె గొంతెలా ఉంటుందో తెలీదు నాకు.

ఇవాళ తనే అడిగింది:
"మరి శాసనానికి ముందు
జప్తయినవాళ్ళు ఏమయ్యారు?"

కింది మంచంలో పోశెట్టి.
పాస్‌పోర్టు పదకొండు నెలలుగా కంపెనీ బీరువాలో.
నిద్రలో ఏదో లెక్క చెబుతున్నాడు, వేళ్ళు మడిచి.

"దొరకలేదు" అని టైపు చేశాను.

తీసెయ్యొద్దంది.
శీర్షిక ఒక్కటే ఉంచాం,
కింద ఖాళీ.