మూడు గడులు

రిజిస్టరు ఇచ్చిన్రు దవఖాన్ల.
చెవి, ముక్కు, గొంతు: ఇంటికి మూడు గడులు.
ఉన్నకాడ టిక్కు కొట్టుడే పని,
పగటాల్లకు అయిపోతదనుకున్న.
మూడో దినం గుడ
రైసుమిల్లు ఎనుక గల్లీలనే ఉన్న.

మిర్యాలగూడల మా దిక్కు
ఊక ముందు లేస్తది, మనుషులు తర్వాత లేస్తరు.
ఆరేసిన చీర మీద, పాలగిన్నె మీద,
నిద్రపోయే పిల్లల రెప్పల మీద సన్నటి పొట్టు.
ముక్కు చీదితే నల్లగొస్తది.
"గిది గుడ రోగమేనా సైదమ్మా,
మిల్లు నడుస్తున్నదన్నట్టు" అన్నడు మట్టయ్య.
ఇరవై ఆరేండ్లు బస్తాలు మోసిన మనిషి.
"చెవులు మంచిగ వినొస్తయా?" అనడిగితే
"రెండు నెలల సంది పించను రాలే" అన్నడు.
నవ్విన, టిక్కు కొట్టిన.
నవ్వినందుకు
రాత్రి అన్నం కాడ సిగ్గయింది.

బీహారు పిలగాడు రాందేవ్‌కు నా మాట రాదు, నాకు ఆయన మాట రాదు.
ముక్కు మీద ఏలు పెట్టి "బంద్" అన్నడు.
ఆ ఒక్కటి ఇద్దరికీ తెలుసు.

జానీబీ ఎడమ చెవి చిన్నప్పటి నుంచి కారుతది.
దూది పెట్టి, దాని మీద కొంగు కప్పి,
ఆ దిక్కు ఎవర్నీ కూసోనియ్యదు.
"మా అమ్మకు గిట్లనే, నాకు గిట్లనే,
బిడ్డకు మొన్న మొదలైంది"
ఇత్తడి బిందె ఒకలి తర్వాత ఒకలికి
వచ్చినట్టే చెప్పింది.

ఎల్లిగడ్డ కాగిన నూనె, కోడీక, అగ్గిపుల్ల,
తలపిన్ను.
ఆటో యాదగిరైతే తాళంచెవి పెట్టి తిప్పుతడు,
లోపల ఏం తెరుసుకుంటదో.
చెవుల డాక్టరు కావాల్నంటే నల్గొండ పోవాలె,
బస్సు కిరాయి, ఒకనాటి కూలి.
ఆ పైసలకు నూనె సీసా నెల రోజులొస్తది మరి.

బడిల కరుణ టీచరు గొంతు
బేస్తారం దాకనే ఉంటది.
కిటికీలకు అద్దాల్లేవు, మిల్లు మోత మీద
మోత పెట్టి ఎక్కాలు చెప్తది.
శుక్రారం, శనారం చాక్‌పీసే మాట్లాడుతది.
నాకు గుడ పలక మీద రాసి చూపెట్టింది:
"ఆఖరి బెంచీల ఉపేందర్. పిలిస్తే పలుకడు.
తిడితే నవ్వుతడు. ఎడ్డోడంటరు."

ఎనుకకు పోయి చప్పట్లు కొట్టిన, తిరిగిండు.
మెల్లగ పేరు పెట్టి పిలిసిన.
గోడ మీద బల్లిని చూస్తున్నడు.
ముంగటికొచ్చి కూసొని
గొంతు రానియ్యకుండ, ఉత్త పెదవులతోని అన్న.
"ఉపేందర్. నా పేరే" అన్నడు, ఠక్కున.

పాముకు కండ్లే చెవులంటరు.
తొమ్మిదేండ్ల పిలగాడు
తరగతంతా కండ్లతోని వింటున్నడు,
టీచరు బోర్డు దిక్కు తిరిగినప్పుడల్ల
చెవిటోడైతున్నడు.
గీన్ని ఏ గడిల రాయాలె?

నూట పన్నెండు ఇండ్లు.
మూడు గడులూ ఖాళీగున్నయి తొమ్మిది.
ఆ తొమ్మిదింటికీ తాళమేసున్నది.

పొద్దూకినంక కరెంటు పోయింది.
మిల్లు ఆగింది.
గంత నిశ్శబ్దం ఎన్నడూ వినలే నేను.
గల్లీ గల్లీ అట్లనే అరుస్తున్నది:
ఏ ఇంట్ల ఏం కూరనో, ఎవలికెంత అప్పో,
కోడలి మీద అత్త చాటుకు చెప్పే చాడీ,
అన్నీ బజాట్లనే.
"మెల్లగ మాట్లాడుండ్రి, మిల్లు బందయింది" అన్న.
"ఆఁ? ఏందీ?" అన్నరు నలుగురు.

మా ఆయన గుమ్మంలకొచ్చి
"నువ్వెందుకు గట్ల మొత్తుకుంటున్నవ్?" అన్నడు.

ఇంకొక ఇల్లు మిగిలున్నది,
నంబరు ఎయ్యలే.