ఒంటి మాట

కోస్గి బస్టాండు ముందర, ఎరువుల దుకాణం మీద మా ఆఫీసు.
మెట్లెక్కుతుంటే యూరియా వాసన.
ఎక్కినంక మూడు కుర్చీలు, ఒక కంప్యూటరు, ఒక ఫోను.
ఆ ఫోను పదకొండు రోజులసంది మోగలే.

లైను పోయిందనుకున్నం.
ఆశన్న తన సెల్లుతోని కొట్టి చూసిండు.
మోగింది.
ఒకరి మొకం ఒకరం చూసుకున్నం, అదట్లనే మోగుకుంట ఉంటే.

అప్పుడు తెరిచిన కంపెనీ ఉత్తరం:
మీ ప్రకటనల ఖాతా నిలిపివేయబడినది.
కర్త లేని వాక్యం.
గుంపు మేస్త్రి గూడ గిట్లనే మాట్లాడ్తడు,
పైసలు కట్టయినయి అంటడు,
ఎవరు కట్ చేసిన్రో ఆ మాటల ఉండదు.

నెలనెలా వాళ్లు ధర్మంగ ఇచ్చే పైసలు అవి,
చేతిల పట్టలేం, చాయ్ తాగలేం.
ఏ పుణెలనో, ఏ షెడ్డుకిందనో
దుప్పట్ల దూరి ఒకడు సెల్లుల వెతికితే
మా నంబరు పైకి తేలుతది, అంతే వాటి పని.

నూరుమంది చూస్తే అయిదుగురన్న నొక్కాలెనట.
మాకు ముగ్గురే నొక్కిన్రు, రెండు నెలలు వరుసగ.
ఇంకో తప్పు, ఒంటి మాటలు పెట్టినం.
కూలి. బాకీ. మేస్త్రి. అడ్వాన్సు.
ఒంటి మాట చెల్లదట.

కోపమొచ్చింది. రెండు దినాలు తిట్టుకున్నం.
మూడో దినం నేనే ఒప్పుకున్న:
మేస్త్రి అని వెతికినోనికి ఇల్లు కట్టేటోడు గావాలె,
అడ్వాన్సు అని వెతికినోనికి బండి గావాలె.
వాళ్లు మమ్మల్ని నొక్కకపోతే వాళ్ల తప్పేంది?

మొగులమ్మ తన రిజిస్టరు దీసింది.
ఏడో తరగతి చదువు, గుండ్రటి అక్షరాలు,
ఫోన్ల మొదలు ఏమన్నరో అదే రాస్తది,
దిద్దదు.
ఆమె చదువుతుంటే నేను కొట్టుకుంట పోయిన:

మేస్త్రి ఆధార్ కార్డు గుంజుకున్నడు
అడ్వాన్సు తీరినా ఇంటికి పంపుతలేరు
బిల్డింగు మీదికెల్లి పడ్డడు పైసలు ఎవరిస్తరు
భివండి నుంచి కోస్గికి బస్సు ఎన్నిగంటలకు

ఇదెందుకు రాసినవ్, బస్సు అడిగితే? అన్న.
ఆమె గొంతు బస్సు అడిగేటట్లు లేకుండె, అన్నది.
అది గూడ పెట్టిన.

కూలి అన్న మాట తీసేటప్పుడు మాత్రం
వేలు కొంచెంసేపు ఆగింది.

అప్పీలు ఫారంల ఒక డబ్బా:
ఏమి సరిచేసినారో వివరించండి.
నలబై ఆరు మాటలు తీసినం, నూటపన్నెండు చేర్చినం,
నొక్కినోళ్ల లెక్క తెలిసేటట్టు చేసినం, అని రాసిన.
ఆశన్న నా భుజం మీదికెల్లి చదివిండు.
గంతేనా? మన బాధ ఏడ రాసినవ్?
బాధకు డబ్బా ఇయ్యలేదన్నా, అన్న.
చానాసేపు ఆ ఫారం దిక్కే చూసిండు,
ఏడన్న మూలకు ఉన్నదేమో అని.

తొమ్మిది దినాలు.
కరెంటు పోయిన పొద్దుగూకాల, నా సెల్లుకు ఒక లైను:
మీ ఖాతా పునరుద్ధరించబడినది.
మల్ల అదే, కర్త లేకుంట.
ఈసారి ఎవ్వలం అడగలే.

రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను మోగింది.
ముగ్గురం ఒక్కపారే లేసినం.
యూరియా వచ్చిందా? అన్నడు ఎవరో.
రేపు పొద్దుగల్ల దుకాణంల అడుగు తమ్మీ,
అని మొగులమ్మ అది గూడ రాసుకున్నది.

నవ్వుకుంట కూసున్నం.
పది దాటినంక ఇంకోటి.
ఆవల ఏదో మిషను తిరుగుతున్న చప్పుడు,
ఎవరో తలుపు కాడికి పోయొచ్చినట్టు,
ఆనక సన్నగ,
అక్కా.

అంతే.
మొగులమ్మ తారీఖేసి
ఆ ఒక్క మాట రాసి
పక్కన చానా జాగ ఇడిచిపెట్టింది.