చెమ్మ

గిర్మాజీపేటల మా తహఖానా
ఒకప్పుడు మిరపబస్తాల గది.
ఇప్పటికీ దిగితే తుమ్మొస్తది.

గోడకు ఉప్పు పూసింది.
గోరుతో గీకితే ఇటుక
తడిసిన బెల్లం లెక్క రాలుతది.

కొమ్మాలు మేస్త్రి సుత్తెతో తట్టిండు,
చెవి ఆనించిండు, మళ్ల తట్టిండు.
"డొల్ల" అన్నడు.
"సిమెంటు తాపిండ్రు, ఊపిరాడ్తలేదు.
చెమట పట్టినోనికి రెక్సిన్ అంగీ తొడిగితే ఏమైతది?"

రెండు రోజులు పెచ్చులు దించుడే.
పుచ్చిన ఇటుకను పన్ను పీకినట్టు పీకి
నానిన ఇటుక పెట్టి
సందుల డంగుసున్నం, ఇటుకపొడి కూరిండు.
"ఆరనీ" అనుడొక్కటే మాట.

మూడోనాడు మూలకు, సిమెంటు మీద
పుల్లతో గీకిన 78,
పక్కనే ఒక "కొ".

ఆ పెచ్చు చేతిల పట్టుకొని
చానసేపు మెట్టు మీద కూసున్నడు.
"గప్పుడు సిమెంటంటే మోజు.
మీ తాత సున్నమే ఎయ్యిమన్నడు.
నేనే ఇనలే."

పైసలిస్తే సగమే లెక్కబెట్టుకున్నడు.
మిగిలినయి బస్తా మీద పెట్టి
"దీని కూలి గప్పుడే తిన్న" అన్నడు.

గోడ ఇంకా తడిగనే ఉన్నది.
వానలు పడేదాక ఏం చెప్పలేమట.
పెచ్చును సంచిల ఏసుకొని
మోకాలు పట్టుకుంట మెట్లెక్కిండు.