రాత్రి హాజరు

ఏడో తరగతి, బి సెక్షను.
మిర్చి యార్డు వైపు కిటికీలు మూసేశాను.
అయినా మూడో బెంచీ తుమ్ముతూనే ఉంది.

బోర్డు మీద ఆస్ట్రేలియా గీశాను,
ఆరేసిన తోలులా వచ్చింది.
"పదకొండు ఓడలు" అన్నాను.
"జేబురుమాలు దొంగిలించినవాళ్ళు,
జున్నుముక్క కోసం ఏడేళ్ళ శిక్ష పడ్డవాళ్ళు,
సంకెళ్ళతో దిగారు.
రాళ్ళు కొట్టారు, గొర్రెలు కాశారు.
వాళ్ళ మనవలు ఓట్లేశారు.
నూటపదమూడేళ్ళకి, కొత్త శతాబ్దం మొదటిరోజున,
ఆ జైలు తనని తాను దేశమని రాసుకుంది.
ఇప్పుడక్కడ ముత్తాత ఖైదీ అని తెలిస్తే
ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకుంటారట."

పిల్లలు నవ్వారు.
నేను డస్టరు వెతుక్కున్నాను.

మా ముత్తాత తిరుపాలుకి ఓడ అక్కర్లేకపోయింది.
దొంగతనమూ అక్కర్లేదు.
గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగేవాడు.
రైలొచ్చింది, ఉప్పు రైలెక్కి పోయింది.
ఎరుకల ఇంట పుట్టాడు కదా,
ఆ నేరం చాలు,
కృష్ణ ఒడ్డున సెటిల్‌మెంటులో పెట్టారు.
రాత్రి పదకొండుకోసారి, మూడుకోసారి
పేరు పిలిస్తే "ఉన్నానయ్యా" అనాలి.
నిద్దట్లో పసిపిల్లలు కూడా "ఉన్నానయ్యా" అనేవాళ్ళని
నాయనమ్మ చెప్పేది
ఈతాకు బుట్ట అల్లుతూ, తలెత్తకుండా.

జెండా ఎగిరింది. చట్టం పోయింది.
ఆ సంగతి ఆయన ఒంటికి ఎవరూ చెప్పలేదు.
పదకొండుకి లేచి, కండువా దులుపుకుని
ఠాణా మెట్ల దాకా నడిచేవాడు.
కొత్త కానిస్టేబులు విసుక్కున్నాడట,
"ఆ పుస్తకం ఎత్తేశారు పెద్దాయనా, ఇంటికి పో."
"పోనీ ఒక్కసారి పిలవండయ్యా,
నిద్ర పట్టట్లేదు."

గుంటూరులో ఆటోవాళ్ళు రోజూ
దొరల పేర్లు పిలుస్తారు:
బ్రాడీపేట, బ్రాడీపేట, అరండల్‌పేట...
నేను అందులోనే ఎక్కి బడికొస్తాను.

నస్రీన్ లేచింది.
"ఓడలు రాకముందు అక్కడెవరూ లేరా టీచర్?"
నా నోట్సులో ఆ ముక్క లేదు.
"ఉన్నారమ్మా.
వాళ్ళ పేర్లు పిలిచినవాళ్ళే లేరు."

బెల్లు కొట్టాక గుర్తొచ్చింది
పొద్దున హాజరు వెయ్యలేదని.
రిజిస్టరు తెరిచి
ఒక్కో పేరూ ఇంటిపేరుతో సహా పిలిచాను.
ఇంటర్వెల్లు పోతోందని గొణిగారు, అయినా పలికారు.

యోహాను దగ్గర ఆగాను.
"వాళ్ళమ్మతో యార్డుకెళ్ళాడు టీచర్,
తొడిమలు తియ్యడానికి."
ఆ గడిలో ఎర్ర సిరాతో గైరుహాజరు వెయ్యాలి.

పెన్ను మూత తియ్యలేదు.
ఇంకోసారి పిలిచాను.