ఎడమ వెనక కాలు

రోజుకి నలభై మంది చేతులు పట్టుకుంటాను.
ఒక్కరూ ఇష్టంగా ఇవ్వరు.
రబ్బరు పట్టీ బిగించి, నరం తట్టి
"చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అని
తెలుగులో ఒకసారి, తమిళంలో ఒకసారి
అబద్ధమాడి సూది దించుతాను.
పేరు హైమావతి అయినా
పెరంబూరు ల్యాబులో అందరికీ రత్తక్కని.

ఇంటికొస్తే నువ్వు.
తుపాను మర్నాడు ఆటో కింద దొరికిన
గుప్పెడు ఉలవల రంగు.
అందుకే ఉలవ.

నా చెయ్యి కనిపిస్తే చాలు
గ్యాసు బండ వెనక్కి దూరి
ఉన్నదానికంటే చిన్నదానివైపోయేదానివి.
స్పిరిటు వాసన కాబోలని
సున్నిపిండితో రుద్ది రుద్ది కడిగాను.
వాసన కాదు. చెయ్యే.

మేడమీది కస్తూరక్క అంది:
"మెడ పట్టి ఎత్తు, నాలుగు రోజులు అరిచి ఊరుకుంటుంది."
ఊరుకోవడం వేరు, ఒప్పుకోవడం వేరు.
ఆ నలభై చేతులూ నాకు రోజూ చెప్పేది అదే.

అందుకని గచ్చు మీద బోర్లా పడుకున్నాను,
అరచెయ్యి వెల్లకిలా పెట్టి,
మధ్యలో చిటికెడు పెరుగన్నం.
పైనుంచి దిగే చెయ్యి గద్ద.
కింద పరిచిన చెయ్యి విస్తరి.
ఆ రాత్రి నువ్వు రాలేదు, చీమలొచ్చాయి.
నిజంగానే కుట్టాయి.
నేనిన్నాళ్లూ చెప్పినంత తేలిగ్గా ఏం లేదు.

ఐదో రోజు నాలుక.
వేడిగా, తడిగా ఒక్క క్షణం. పరుగు.
తర్వాత గడ్డం కింద ఒక వేలు,
చాలు అని నువ్వనేలోపే తీసేశాను.
చెవిని తమలపాకులా మడిచి విప్పితే
ఆవలించావు.
నిద్రొచ్చిందనుకున్నాను.
భయమేసినా ఆవలిస్తారట మీరు.
ఆగాను.
పక్కింటి ఢిల్లీబాబు ఊపిరి బిగబట్టి చూస్తుండగా
పెదవి ఎత్తనిచ్చావు:
లోపల బియ్యపు నూకలు.

ఆ గురువారం బస్సు తప్పింది, పూట జీతం పోయింది.
ఇంటికొచ్చేసరికి నీ వెనక కాల్లో గాజుపెంకు.
గబుక్కున పట్టేశాను,
ల్యాబులో పట్టినట్టు.
పెంకు ఊడొచ్చింది.
దాంతోపాటే ఇన్నాళ్ల నమ్మకమూ.
నా బొటనవేలి మీద నాలుగు చుక్కల రక్తం,
ఏ సీసాలోకీ ఎక్కనిది, నాది.

మళ్లీ గ్యాసు బండ.
మళ్లీ గచ్చు, పెరుగన్నం, చీమలు.

నిన్న ల్యాబులో ఒక ముసలాయన పిడికిలి విప్పడు.
వెనక వరస గొణుగుతోంది.
నా చెయ్యి బల్లమీద వెల్లకిలా పెట్టి
అతనికేసి చూడకుండా
లేబుళ్లు రాసుకుంటూ కూచున్నాను.
సూపర్‌వైజరు గడియారం చూపించాడు.
చూశాను, టైమెంతో గుర్తులేదు.

ఇవాళ్టికి ముందుకాళ్లు రెండూ ఇచ్చావు.
కుడి వెనకది నిద్రలో ఇచ్చావు, లెక్కలోకి రాదు.
ఎడమ వెనకది ఇంకా నీ దగ్గరే ఉంది.
ఉండనీ.
గోళ్లు పెరిగి గచ్చు మీద
టిక్కు టిక్కుమంటున్నాయి.
లైటార్పి వింటూ పడుకుంటాను,
దూరంగా, దగ్గరగా,
మళ్లీ దూరంగా.