లోతు తెలిసిన ఇంజను

ఆటోనగర్‌ల యాకూబలి షెడ్డు ముందట
బానెట్ తీసేసిన ఫార్గో
నోరు తెరుసుకొని నిలవడ్డది.
యాభై తొమ్మిది మోడల్. గుండ్రటి బుగ్గలు,
గంధం రంగు కింద తుప్పు,
డోరు మీద సగం చెరిగిన 'పత్తి' అన్న అక్షరాలు.
లోపల ఇంజను ఉండాల్సిన కాడ
పిల్లి ఈనింది.

"మూడున్నయ్ మన చేతుల" అన్నడు యాకూబలి,
నూనె గుడ్డతోని వేళ్లు ఒక్కొక్కటే తుడుసుకుంట.
దాని సొంత పెట్రోలు ఇంజను, పుట్టుకతోటి వచ్చింది:
పాడితే సన్నాయి, తాగితే ఏనుగు,
రింగులు కావాలంటే బొంబాయి దాక పోయి మొక్కాలె.
లేకుంటే పెర్కిన్స్. అప్పట్ల ఫార్గోలన్నీ దానికే మారినయట,
పొగ పోస్తది, మాట తప్పది.
లేకుంటే నాలుగు వందల ఏడుది,
చెప్పిన కాడ కూసునే బడిపిల్ల.

నేనేం మాట్లాడలె.
ట్రాలీ మీది టార్పాలిన్ గుంజిన.

ఆరు సిలిండర్ల లేలాండు. నా బోరుబండి కంప్రెషర్‌ది.
పదహారేండ్లు ఒక్క అడుగు ముంగటికి నడవలె అది.
నిలవడ్డ కాడనే నిలవడి
భూమిలకు ఊదింది:
జనగామల ఏడు వందల ఫీట్లు, బచ్చన్నపేటల ఎనిమిది వందలు.
తెల్లటి పొడి లేసి
చుట్టూ నిలవడ్డోళ్ల కనుబొమ్మల మీద వాలేది,
ఎవ్వరు తుడుసుకోకపోయేది.
రిగ్గు అమ్మిన. పైపులమ్మిన.
డైరీల రాసుకున్న ఎండిన బోర్లు
ఎవడు కొంటడు?
ఇంజనుకు కిలోకింతని ధర చెప్పిన్రు గని
నాకే చెయ్యాడలె.

"కుండల రోకలి పెడ్తవా?" అన్నడు యాకూబలి.
టేపు పట్టిండు. నాలుగంగుళాలు పొడుగు.
చాసీ మీద సుద్దతోని గీసి, చెరిపి, మల్ల గీసిండు.
"ఉరికిచ్చుడు నాకు ఒదిలెయ్. ఆపుడెట్ల?
ముందుగాల బ్రేకులు తెచ్చుకో పో."
ఒప్పుకున్నట్టే.

ఆ చలికాలమంత గదే.
ఫైర్‌వాల్ కోసినం. కొత్త మౌంటింగులు వెల్డు చేసినం.
లేతు కాడ సరోజన, చీరె మీద మొగుని అంగీ, కండ్లకు అద్దాలు,
గేర్‌బాక్సుకు ఇంజనుకు నడుమ
పద్దెనిమిది ఎమ్మెమ్ పలక తిప్పింది, ఎనిమిది బొక్కలు.
ఒక బొక్క వెంట్రుకవాసి తప్పితే
పలకను అవతలేసి మల్ల మొదటికొచ్చింది.
పిల్లి తన పిల్లల్ని నోట కరుసుకొని
పాత టైర్లలకు పోయింది.

శివరాత్రి ముందటి శుక్రారం చాబీ తిప్పిన.
షెడ్డు రేకులు దడదడ. గ్లాసుల చాయ్ వణికింది.
సెకండ్ గేరు. కదిలింది.
దూరమంటే ఏందో తెల్వని ఇంజను
హంటర్ రోడ్డు మీద
అంగట్ల కొన్న కోడె లెక్క ఇటు గుంజె, అటు గుంజె.
కాజీపేట బ్రిడ్జి ఎక్కినంక ఎరుకైంది దానికి,
ముంగట కూడ ఉంటదని.

మడికొండ దాటంగనే రేడియేటర్ మరిగింది.
పాతదే ఉంచిన, యాకూబలి వద్దన్నా.
మోటరు కాడ ఒకామె మిరపకు నీళ్లు కడ్తున్నది.
బకెట్ నింపి ఇచ్చి, బండిని ఎగాదిగ చూసి
"గిదేంది, గిట్లరుస్తది?" అన్నది.

ఎన్ని ఫీట్లకు పడ్డయమ్మా నీళ్లు
అని అడగబోయి
ఊకున్న.
చల్లారేదాక ఒడ్డు మీద కూసొని,
మూత తీసి, మొకం పక్కకు తిప్పి
కొంచెం కొంచెం పోసిన.
గుటగుట తాగింది.